ఏడు అలల నీళ్ళు

పెళ్ళయిన మూడో రోజునే నా కోడలు వియామ్ వంటింట్లో చెత్త దాచడం మొదలుపెట్టింది. గిన్నెలు తోమే తొట్టి పక్కన ఒక మట్టి చట్టి పెట్టి నారింజ తొక్కలు, గుడ్డు పెంకులు, టీ కాచగా మిగిలిన పుదీనా కాడలు అన్నీ అందులో పోగేస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏమిటే ఇది?"

"పారేయకండి లల్లా, నాకు కావాలి." మా వైపు పెద్ద ఆడవాళ్ళని మర్యాదకి లల్లా అంటారు.

"చెత్త కావాలా? మీ తారూదాంత్‌లో చెత్త కూడా సారెలో పెడతారా?"

ఆమె ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. చట్టి ఎత్తి చెత్త సంచిలో గుమ్మరించి, "ఇది సలే ఊరు. ఇక్కడ ఊడ్చింది పారేస్తాం, దాచుకోం" అన్నాను. తల వంచుకుని చట్టి కడిగి బోర్లించింది. ఆ చట్టి మళ్ళీ వంటింట్లో కనిపించలేదు. నా మాట నెగ్గిందని సంబరపడ్డాను.

నా పేరు బతూల్. సలే కోటగోడ లోపల, సముద్రం హోరు వినిపించే ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై రెండేళ్ళు. మా ఆయన, పేరు మాతి, చనిపోయి నాలుగేళ్ళు. ఆయన నాకు మిగిల్చినవి రెండే. ఒకటి మా అబ్బాయి మునీర్. రెండోది నడిమి వాకిట్లో నిమ్మచెట్టు. మునీర్‌కి పుట్టిన ఏడో రోజున పేరు పెట్టిన పూటే ఆయన ఆ మొక్క నాటాడు. ఆయన పోయాక చెట్టు కూడా పసుపెక్కింది, మూడేళ్ళుగా పూత లేదు. ఇక నాకు మునీర్ ఒక్కడే మిగిలాడు. వాణ్ణి ఎవరైనా నా నుంచి లాక్కుపోతారేమోనన్నదే నా భయం. నేను చేసినదంతా ఆ భయమే చేయించింది. అలాగని నా తప్పు తగ్గదు, తెలుసు.

మునీర్ ట్రామ్ నడుపుతాడు, ఏటి వంతెన మీదుగా అవతలి రబాత్‌కీ ఇక్కడికీ. మొండివాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రొట్టె అంచులు తీసి పక్కన పెట్టేవాడు, నేను ముప్పై ఏళ్ళు తిట్టాను. పెళ్ళయిన రెండు నెలలకి చూద్దును కదా, అంచులతో సహా తింటున్నాడు. పళ్ళెంలో మెతుకు మిగలనివ్వడు. మోటారు సైకిల్ మూల పడేసి డిపోకి నడిచి వెళ్తున్నాడు. బజారుకి ఈతాకు బుట్ట తగిలించుకుని పోతున్నాడు! ఆ బుట్టలు నా చిన్నతనంలో మేమూ మోశాం, కాదనను. కానీ ఆడవాళ్ళం మోశాం. బట్టలు ఉతికిన నీళ్ళు పారబోయకుండా బకెట్లో పట్టి వాడు ఆ నీళ్ళతో గుమ్మం కడుగుతుంటే, పక్కింటి షామా తలుపు సందులోంచి చూసి నోరు నొక్కుకుంది.

షామా నాకు చెల్లెలి లాంటిది. దాని నోరు మాత్రం ఎవరికీ చెల్లెలు కాదు.

"మునీర్ బాగా మారిపోయాడు, లల్లా బతూల్."

"పెళ్ళయిన మగాడు మారడూ?"

"మారడం వేరు, మార్చడం వేరు. నిప్పు లేనిదే పొగ రాదు. కోడలిది ఏ ఊరన్నావ్?"

"తారూదాంత్."

"దక్షిణాన సూస్ పక్క! ఇంకేం. ఆ పక్క తాయెత్తులు రాసే ఫకీహ్‌లు కాగితం ముక్క మీద నాలుగు గీతలు గీస్తే మగాడు మేకపిల్లయి వెంట తిరుగుతాడట."

"ఛీ, అవేం మాటలే" అన్నాను. అన్నానే గాని ఆ మాట చెవిలో జోరీగలా మిగిలిపోయింది.

అప్పటి నుంచి ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక నేను కాసేపు నడుం వాలుస్తాను. కళ్ళు మూసుకుని పడుకుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేది. చెప్పులు విప్పి, వట్టి కాళ్ళతో, ఒక బకెట్ మీద గుడ్డ కప్పి మేడ మీదికి వెళ్ళేది. కాసేపటికి ఖాళీ బకెట్‌తో దిగేది. "పైకెందుకు వెళ్ళావ్?" అని అడిగితే "బట్టలు ఆరాయేమో చూద్దామని, లల్లా" అనేది. బట్టలు ఆరేసింది నేను. అవి ఆరాయో లేదో నాకు తెలియదూ?

ఒక శుక్రవారం ఆమె స్నానానికని ఊరి హమ్మామ్‌కి వెళ్ళగానే మేడెక్కాను. నీళ్ళ ట్యాంకు వెనకాల, ఎండ తగలని మూల, ఒక పాత పీపా. దాని మీద తడి గోనెసంచి. సంచి ఎత్తేసరికి మొహానికి వెచ్చటి ఆవిరి కొట్టింది. కింద చూశాను, నిప్పు లేదు. చెయ్యి పెట్టి చూశాను. లోపల కాగుతోంది! నిప్పు లేకుండా, ఎండ లేకుండా, పీపా జ్వరమొచ్చిన ఒళ్ళులా వేడెక్కి ఉంది. నల్లటి మట్టి, వేడి తగ్గిన అంచుల్లో మెలికలు తిరుగుతున్న ఎర్రటి పురుగులు. కట్టెపుల్లతో కదిపాను. ముందు మునీర్ పాత బనియను పేలిక బయటపడింది. తర్వాత రాత ఉన్న కాగితం ముక్కలు, సిరా అలుక్కుపోయి ఉన్నాయి. ఆ తర్వాత పుల్లకి ఇంకొకటి చుట్టుకుని పైకొచ్చింది. గోరింటాకుతో ఎర్రబారిన వెంట్రుకల ఉండ. ఈ ఇంట్లో గోరింటాకు పెట్టిన తల నాదొక్కదానిదే.

మా ఊళ్ళో ఏ ఆడదీ దువ్వగా ఊడిన జుట్టు ఊరికే పారేయదు. చుట్టి కాల్చేస్తుంది. అది పరాయి చేతిలో పడితే ఏం చేస్తారో పసిపిల్లని అడిగినా చెబుతుంది. జుట్టు, బట్ట, రాత. మూడూ ఒక్క చోట. ఇంకా సాక్ష్యం కావాలా?

ఆ రాత్రి కూరగాయలు, గోధుమరవ్వ వేసి వండిన కుస్‌కుస్‌లో ముద్ద దిగలేదు. మునీర్ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. వాడి మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. మర్నాడు డబ్బాలో ఆ మట్టి ఇంత పోసుకుని, కానుకకని ఒక పంచదార దిమ్మ చంకన పెట్టుకుని, షామాని వెంటేసుకుని ఫకీహ్ సి అబ్బాస్ దగ్గరికి వెళ్ళాను. తాయెత్తులు రాయడంలోనూ, పక్కవాళ్ళు పెట్టిన చేతబడి తీయడంలోనూ ఆయనకి పేరు. మూత తీసి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"కోడలిది ఏ ఊరు?"

"తారూదాంత్, సీదీ."

"ఊఁ" అని మూత పెట్టేశాడు. "దీన్ని ఎక్కడ పాతుతోంది?"

అప్పుడు గుర్తొచ్చింది. వారం కిందట నిమ్మచెట్టు మొదట్లో మన్ను తవ్వి ఉండడం చూశాను. పిల్లి పనేమో అనుకున్నాను. ఆ మాట చెబితే ఆయన తల పంకించాడు. "చెట్టు మీ వంశానిది. చెట్టు ద్వారా కొడుకుని కట్టేస్తోంది. ఏడు అలల నీళ్ళు తీసుకెళ్ళు. ఒక్కో అలకి ఒక్కో చెంబు. ఏడు రోజులు ఆ పీపాలో కొంత, చెట్టు మొదట్లో కొంత పొయ్యి. విరుగుతుంది."

ఇంటికొచ్చి చెట్టు వైపు చూశాను. నిజం చెబుతున్నాను, కొమ్మల చివర లేత ఆకులు వచ్చాయి. వాటి మధ్య ఊదారంగు మొగ్గలు. మూడేళ్ళ తర్వాత పూత! నా గుండె ఒక్కసారి ఎగిరి, వెంటనే రాయైపోయింది. పక్క మీంచి లేవని రోగి ఉన్నట్టుండి లేచి గంతులేస్తే సంతోషిస్తామా, భయపడతామా? మంత్రం కాకపోతే ఈ పూత ఎక్కడిదనుకున్నాను. మా ఆయన నాటిన చెట్టు, పూతతో ఉంది, దాని మీద ఉప్పునీళ్ళు ఎలా పొయ్యడం అని ఒక పూటంతా తటపటాయించాను. సాయంత్రం మునీర్ డ్యూటీ నుంచి వచ్చి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వంటింట్లోకి పోయి పెళ్ళాంతో గుసగుసలాడి నవ్వాడు. దాంతో నా తటపటాయింపు తీరిపోయింది.

రోజూ పొద్దున్నే కోటగోడ బయట గోరీల మధ్య నుంచి సముద్రానికి దిగేదాన్ని. అల రాగానే బిస్మిల్లా అని చెంబు ముంచి డబ్బాలో పోసేదాన్ని. ఏడు అలలు, ఏడు చెంబులు. లంగా అంచులు తడిసి, మోకాళ్ళు పట్టేసేవి. మూడో రోజున గుమ్మం దగ్గర వియామ్ ఎదురైంది.

"ఏమిటి లల్లా, ఇంత బరువు?"

"సముద్రం నీళ్ళు. మోకాళ్ళ నొప్పులకి."

"అయ్యో, నాకు చెబితే నేను తెచ్చేదాన్ని కదా! ఇటివ్వండి." నా చేతిలో డబ్బా లాక్కుని వాకిట్లోకి మోసి, నిమ్మచెట్టు పక్కనే దించింది. "రేపటి నుంచి నేను కూడా వస్తాను. మీరొక్కరే రాళ్ళ మీద జారిపడితే?"

"నువ్వొద్దు" అన్నాను కటువుగా. నా గుట్టు లాగడానికే వస్తానంటోంది అనుకున్నాను. ఆమె మేడ మీదికి పోగానే సగం నీళ్ళు చెట్టు మొదట్లో పోశాను. ఆమె హమ్మామ్‌కో బజారుకో వెళ్ళినప్పుడు మిగిలిన సగం పీపాలో పోశాను. ఏడో రోజున పీపా చల్లబడిపోయింది. పురుగులన్నీ చచ్చి తెల్లగా తేలాయి. "విరిగింది!" అని షామాతో చెప్పి, ఇద్దరం చేతులు పట్టుకున్నాం.

పది రోజులకి నిమ్మాకుల అంచులు మాడాయి. పూలు రాలాయి, వాటితో శనగగింజంత పిందెలు కూడా. ఇంకో వారానికి ఆకులన్నీ వాకిట్లో గలగలమంటూ దొర్లాయి. నేను మనసులో సర్దుకున్నాను. మంత్రంతో నిలబడిన చెట్టు మంత్రం పోగానే పడిపోయింది, అంతే.

వియామ్ మాత్రం చెట్టు మొదట్లో కూలబడి మన్ను చేత్తో తోడుతూ ఏడుస్తోంది. మునీర్ డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉన్నాడు. వాడు అరవడం అదే మొదటిసారి విన్నాను.

"నువ్వు చెప్పావని చెత్త దాచాను, పీపా మోశాను. ఎరువు, ఎరువు అని నా ప్రాణం తీశావ్! అమ్మకి చెప్పొద్దు, కాయలు కాశాక చూపించి ఆశ్చర్యపరుద్దాం అన్నావ్. ఇదిగో, చూపించు. మా నాన్న చెట్టు ఇది. ఇదొక్కటే ఉంది నాకు ఆయనది."

"పచ్చిగా ఉన్నప్పుడే వేసేశానేమో, వేడికి వేళ్ళు మాడాయేమో..." ఆమె వెక్కుతూ అంది. "నా తప్పే. పీపా కూడా చచ్చిపోయింది. మా నాన్న తోటలో ఎన్ని చెట్లకి వేశాను, ఎప్పుడూ ఇలా కాలేదు."

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఎరువు! తొక్కలు, పెంకులు, చిరిగిన బనియను, పాత కాగితాలు, ఊడ్చిన చెత్త. ఊడ్చిన చెత్తలో నేల మీద రాలిన నా జుట్టు. అయినా వెంటనే నమ్మానా? లేదు. అనుమానం ఒకసారి ఇంట్లో కూర్చున్నాక, లెమ్మంటే లేస్తుందా? మేడెక్కి పీపా దగ్గరికి వెళ్ళాను. పైపైన ఉప్పు తెల్లగా కట్టింది. అడుగు నుంచి పిడికెడు తీసి వాసన చూశాను. తొలి వాన పడ్డ నేల వాసన. చేతబడి వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని, అలా మాత్రం ఉండదు.

కిందికి దిగి తేలు కుట్టిన దొంగలా మూల కూర్చున్నాను. చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. సిగ్గు ఒకటే కాదు. లోపల ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పకపోతే ఇదంతా చెప్పడం దండగ. వాడు ఆమె మీద అరుస్తుంటే నాకు హాయిగా అనిపించింది. మూడు రోజులు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. మునీర్ నా పక్కన కూర్చుని తిన్నాడు, రొట్టె అంచులు తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. నా కొడుకు నాకు తిరిగొచ్చాడనుకున్నాను. నాలుగో రోజు వియామ్ పెట్టె సర్దడం చూశాను. "కొన్నాళ్ళు మా ఊరు వెళ్తాను, లల్లా. నాన్న వస్తున్నారు. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది." అప్పుడైనా చెప్పానా? "నీ ఇష్టం" అన్నాను.

ఆమె తండ్రి లహ్సెన్ నారింజ తోటలవాడు. ఎండిన మనిషి, మాట తక్కువ. సలాం చెప్పి, టీ కూడా ముట్టకుండా తిన్నగా చెట్టు దగ్గరికి వెళ్ళాడు. గొంతుక్కూర్చుని, కొమ్మ గీరి చూశాడు. మొదట్లో జానెడు లోతు తవ్వి చిటికెడు మన్ను తీసి నాలుక మీద వేసుకున్నాడు. నమిలి, పక్కకి తిరిగి ఉమ్మాడు. తర్వాత తల ఎత్తి ఎండిపోయిన చెట్టునీ, చెట్టు పక్కన నేను కడిగి బోర్లించిన డబ్బానీ, చివరికి నన్నూ చూశాడు.

"వియామ్, మంచినీళ్ళు తేమ్మా" అని కూతుర్ని లోపలికి పంపాడు. ఆమె వెళ్ళాక మెల్లగా అన్నాడు. "మన్ను ఉప్పగా ఉంది, లల్లా. సముద్రం ఎంత దగ్గరైనా దానంతటది గుమ్మం దాటి రాదు కదా."

నా చూపు డబ్బా మీదికి పోయింది.

"మా పిల్ల మీకు నచ్చకపోతే ఒక్క కబురు పెడితే చాలు, వచ్చి తీసుకుపోయేవాణ్ణి. చెట్టేం చేసింది?"

ఆయన తిట్టి ఉంటే నేను నాలుగు తిట్లు తిట్టేదాన్ని, నాకు ఆ నోరుంది. ఆ మెత్తటి మాటకి మాత్రం షామా గురించి, ఫకీహ్ గురించి, జుట్టు గురించి ఏవేవో గొణిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకెందుకు చెబుతున్నారు? దానికి చెప్పండి. ఇన్నాళ్ళుగా తనే చంపానని ఏడుస్తోంది."

చెప్పాను. మునీర్‌ని పిలిచి, వాడి ముందే చెప్పాను. ఏడు రోజులూ, ఏడు అలలూ, ఏమీ దాచకుండా. మునీర్ మొహం తెల్లబోయింది. గోడ వైపు తిరిగాడు. వియామ్ చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఆ డబ్బా నేనే మోశాను కదా" అంది. "చెట్టు పక్కన నేనే దించాను."

"అవునమ్మా."

"ఇన్ని నెలలూ నన్ను అలా అనుకుంటూనే నా చేతి తిండి తిన్నారా?"

ఏం చెప్పను? ఆకలేసి తిన్నాను. రుచిగా ఉందని కూడా తిన్నాను. రెండూ చెప్పలేదు.

లహ్సెన్ పెట్టె అందుకున్నాడు. వియామ్ ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. "వద్దు నాన్నా. ఇప్పుడు నేను వెళ్తే, వీధి వీధంతా లల్లా అనుకున్నదే నిజమంటుంది. ఉంటాను." ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. నా వైపు చూడనూ లేదు.

ఉంది. మునీర్ నాతో అవసరానికి మాత్రం మాట్లాడుతున్నాడు. ఆ వారమే వాళ్ళిద్దరూ చచ్చిన చెట్టు పీకి, ఆ మన్నంతా తీసి పారేశారు. కొత్త మన్ను వేసే పనిలో నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. వియామ్ మాత్రం ఏ లోటూ చేయదు. లల్లా అనే పిలుస్తుంది, వేళకి వండుతుంది. పీపా మాత్రం మేడ మీద లేదు. ఇప్పుడు దాన్ని వంటింటి గుమ్మంలో, నా కళ్ళెదుట, మూత తీసి పెట్టింది.

నిన్న సాయంత్రం నేనే టీ కాచాను. ఆమె ఈ ఇంటికొచ్చాక నా చేత్తో ఆమెకి టీ ఇవ్వడం ఇదే మొదలు. పుదీనా దండిగా వేసి, పై నుంచి నురగొచ్చేలా రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి ఆమె ముందు పెట్టాను. "అల్లా మీకు మేలు చేయాలి, లల్లా" అంది మర్యాదగా. గ్లాసు ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేడిగా ఉందనుకున్నాను. వేడి తగ్గే దాకా చూశాను. ఆమె గ్లాసు వైపు చూడడం లేదు, నా గ్లాసు వైపు చూస్తోంది.

అప్పుడు అర్థమైంది. ముందు కోపం వచ్చింది. ఎంత పొగరు, నా ఇంట్లో నా టీ మీద అనుమానమా అని నోటి దాకా వచ్చిన మాటని మింగాను. నా గ్లాసు ఎత్తి, ఆమె చూస్తుండగా, సగం దాకా ఒక్క గుక్కలో తాగాను.

ఇంకాసేపు ఆగి, వియామ్ తన గ్లాసు అందుకుంది.